నట్టల మందు పోసిన రోజు

పంచాయతీ కార్యదర్శి అనగానే జనానికి గుర్తొచ్చేవి నల్లా నీళ్ళు, వీధి దీపాలు, ఇంటి పన్ను. చేరిన కొత్తలో నాకూ అంతకు మించి తెలియదు. మోరీలో బ్లీచింగ్ పౌడర్ ఎట్లా చల్లించాలో శిక్షణలో చెప్పారు గానీ, ఊళ్ళో పసిపిల్లల కడుపులు ఎందుకు ఉబ్బుతాయో ఎవరూ చెప్పలేదు. ఈమధ్య ఇదే కొలువులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి, "సార్, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన పని ఏది?" అని అడుగుతుంటారు. ఏ రోడ్డు వేయించిన సంగతో, ఏ చెరువు శిఖం భూమి కబ్జా కాకుండా ఆపిన సంగతో చెబుతానని ఎదురుచూస్తారు. నేను నట్టల మందు సంగతి చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. షామీర్‌పేట మండలంలో, తూంకుంట దాటాక కరీంనగర్ రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే ఒక ఊరికి నన్ను వేశారు. ఊరి పేరు చెప్పను. అప్పటి పిల్లలు ఇప్పుడు పెళ్ళిళ్ళు చేసుకొని అక్కడే ఉన్నారు, వాళ్ళను ఇబ్బంది పెట్టడం ఎందుకు? ఒక వైపు పాత బస్తీ. కోళ్ళ ఫారాల్లో, ద్రాక్ష తోటల్లో, చిన్నచిన్న ఫ్యాక్టరీల్లో పనికి పోయేవాళ్ళ ఇళ్ళు. దానికి ఆనుకొని కొత్తగా లేచిన కాలనీ. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి సికింద్రాబాదులో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు అందులో ఇళ్ళు కట్టుకున్నారు. రెంటికీ మధ్య పచ్చటి చెట్ల కంచె. బస్తీ మేకలు తమ పూలమొక్కలు మేస్తున్నాయని కాలనీవాళ్ళు పెంచుకున్న కంచె అది. మేకలు ఆగాయి. పిల్లలు ఆగలేదు.

సర్పంచ్ ఆడమనిషి. ఆ సీటు ఆడవాళ్ళకు రిజర్వు అయితే ఊరి పెద్దలు "మన మాట వింటది లే" అనుకొని ఆమెను నిలబెట్టారు. అంతకు ముందు రెండు బర్రెలు పెట్టుకొని కాలనీలో ఇంటింటికీ పాలు పోసేది. గెలిచిన నెల రోజులు పెద్దల మాట విన్నది. తర్వాత వినడం మానేసింది.

ఒక రోజు పంచాయతీ ఆఫీసుకు ఒక పిల్లను వెంటబెట్టుకొని వచ్చింది. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, కడుపు మాత్రం కుండలా ఉంది.

"సారూ, గీ పిల్లను జూడు. తిన్నదంతా కడుపుల పురుగులకే పోతాంది. మనం మోరీలు తీపిస్తున్నం, లైట్లు ఏపిస్తున్నం. గీ పిల్లలకు ఏం జేస్తున్నం?"

"అది మన పని కాదమ్మా, ఆస్పత్రివాళ్ళది" అన్నాను, అప్పటి నా పరిజ్ఞానం కొద్దీ.

"ఊరు మనది గాదా మరి?" అన్నది.

అట్లా మొదలైంది మా ఊళ్ళో పిల్లల దినం. నెలకొకసారి పంచాయతీ ఆఫీసు ముందు గదిలో బల్లలు జరిపి, పిల్లలను తూకం వేసేవాళ్ళం. టీకాలు అక్కడే, గర్భిణులను చూసేదీ అక్కడే. అంగన్‌వాడీ నడిచే గది పైకప్పు కారుతోందని సర్పంచమ్మే ఈ ఏర్పాటు చేసింది. వార్డు మెంబర్లు గొణిగారు. "ఇది పంచాయతా, పాయిఖానానా? ఏడజూసినా పిల్లలే" అన్నాడు ఒకాయన, కుర్చీ కింద తడిని చూపిస్తూ. సర్పంచమ్మ చీపురు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గరే ఊడ్చింది. "ఓట్లప్పుడు గీ పిల్లల్నే ఎత్తుకొని ముద్దులాడితివి గద అన్నా. అప్పుడు తడువలేదా?" అని అడిగింది. మళ్ళీ ఆయన ఆ మాట ఎత్తలేదు.

ఈ పనంతా నడిపింది నిజానికి మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నర్సమ్మ. సిద్దిపేట దిక్కు నుంచి వచ్చిన పిల్ల, చిన్న వయసు, ఊళ్ళోనే అద్దెకుండేది. బస్తీలో ఎవరింటికి పోయినా పీట మీద కూర్చుని చాయ్ తాగేది. సూది అంటే పారిపోయే పిల్లలు కూడా ఆమె వెనక తిరిగేవాళ్ళు. టీకాలు వేయిస్తే జ్వరం వస్తుందని పిల్లలను దాచుకునే తల్లులు మెల్లగా వాళ్ళంతట వాళ్ళే రావడం మొదలుపెట్టారు. తూకం వేస్తుంటే "మా పోరడు నీ పోరనికన్న బరువున్నడు" అని పోటీలు పడే దాకా వచ్చింది. కాలనీవాళ్ళు మాత్రం వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళకు అల్వాల్‌లో ప్రైవేటు డాక్టర్లుండేవాళ్ళు.

ఆ నెల పిల్లల దినానికి పై నుంచి నులిపురుగుల మందు వచ్చింది. మా దిక్కు దాన్ని నట్టల మందు అంటాం. గొర్లకు తాగించేదాన్నీ అదే మాటతో అంటాం కాబట్టి ముందే కొంత ఎగతాళి నడిచింది. "ఏం సిస్టరూ, మా పిల్లలు గొర్లా ఏంది?" అని నవ్వారు. నర్సమ్మా నవ్వింది. బడి పిల్లలను, అంగన్‌వాడీ పిల్లలను వరసగా నిలబెట్టి చెంచాతో పోసింది. సర్పంచమ్మ తన మనవడికి అందరికంటే ముందు పోయించింది. పిల్లలు మూతులు తుడుచుకొని ఆటలకు పోయారు. మేం బల్లలు సర్దుకొని, ఇవ్వాళ్టి పని బాగా జరిగిందని సంతోషపడ్డాం.

మధ్యాహ్నం అన్నం తిని ఆఫీసుకు వచ్చి కూర్చున్నానో లేదో, బయట కేకలు వినిపించాయి. కోళ్ళ ఫారాలకు దాణా తోలే బండి డ్రైవర్ భార్య కూతుర్ని భుజాన వేసుకొని ఉరికొస్తోంది. ఆ పిల్ల తల వెనక్కి వాలిపోయి ఉంది. తల్లి చీరంతా వాంతి.

"సారూ, నా బిడ్డ సచ్చిపోతాంది! మీ మందు తాగినకాంచి గిదే తీరు!"

ఆమె మాట పూర్తయ్యేలోపు ఇంకొక తల్లి వచ్చింది. ఆ వెనకాల ఇంకో ఇంటివాళ్ళు. వాంతులు, విరేచనాలు, కడుపు పట్టుకొని మెలికలు. నర్సమ్మ అప్పటికే పిల్లలను పట్టుకొని నాడి చూస్తోంది. "సార్, బండి! ఏదో ఒక బండి మాట్లాడండి, జల్దీ!" అన్నది. దాణా తోలే టెంపో దొరికింది. పిల్లలనూ తల్లులనూ అందులోకి ఎక్కించాం. అదే సమయానికి మగవాళ్ళు పనుల మీది నుంచి రావడం మొదలైంది. ఆఫీసు ముందు, టెంపో చుట్టూ మనుషులు కమ్ముకున్నారు.

"ఏదీ గా నర్సు?" అన్నారెవరో.

నేను నర్సమ్మను చెయ్యి పట్టుకొని లోపలి గదిలోకి లాగి, తలుపు దగ్గరికేశాను. పోలీసులు వచ్చేదాకా అక్కడే ఉండమన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"ఆస్పత్రిల డాక్టరు సారు ఒక్కడే ఉంటడు సార్. ఇంతమందికి సెలైన్లు ఎవరు పెడతరు?"

"బయట చూశావా అమ్మా? చంపేస్తారు."

"పిల్లలు సస్తే నేను బతికి ఏం జేసుకోను?" అన్నది. ఏడవడం లేదు, గొంతు కూడా పెంచలేదు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. సర్పంచమ్మ నన్ను పక్కకు జరిపింది. నర్సమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసి, తన కొంగు ఆమె తల మీద కప్పి, తలుపు తీసింది.

గుంపు ఒక్క అడుగు ముందుకు వచ్చింది.

"ముంగట నన్ను కొట్టుండ్రి" అన్నది సర్పంచమ్మ. "నా మనుమడు గూడ గదే మందు తాగిండు. ఆనికేమైతదో నాకూ ఎరుక లేదు. గీమె పోకుంటె ఆడ పిల్లలకు సూది పెట్టేటోళ్ళు లేరు. కొట్టేది ఉంటే రేపు పొద్దుగాల్ల కొట్టుండ్రి. ఇప్పుడు తొవ్వ ఇడువుండ్రి."

తిట్లు ఆగలేదు. ఎవడో మట్టిగడ్డ విసిరాడు, అది నా చొక్కాకు తగిలింది. కానీ దారి మాత్రం విడిచారు. ఇద్దరాడవాళ్ళూ నడిచి వెళ్ళి టెంపో ఎక్కారు. నేను నా స్కూటర్ మీద వెనకాల పోయాను.

మండలం ఆస్పత్రిలో మంచాలు చాలక ఒక్కో దాని మీద ఇద్దరేసి పిల్లలను పడుకోబెట్టారు. డాక్టరు పెద్దమనిషి, రిటైరయ్యే వయసు, అవసరమైతే తప్ప నోరు విప్పడు. ఆయనా నర్సమ్మా మంచం నుంచి మంచానికి ఉరుకుతున్నారు. అందరికంటే దాణా బండి డ్రైవర్ కూతురు పరిస్థితి బాగాలేదు. కళ్ళు గుంటలు పడ్డాయి, పెదవులు ఎండిపోయాయి. నరం దొరక్క నర్సమ్మ ఆ పిల్ల చేతిని పట్టుకొని చాలాసేపు వెతికింది. డ్రైవర్ అప్పుడే వచ్చాడు. భారీ మనిషి. మంచం దగ్గర నర్సమ్మను చూడగానే ఆమె మీదికి వచ్చాడు.

"దీన్ని నా బిడ్డ మీద చెయ్యి ఎయ్యనియ్యకుండ్రి!"

డాక్టరు తల ఎత్తలేదు. "ఆమె ఎయ్యకపోతే నువ్వు ఎయ్యి" అన్నాడు. డ్రైవర్ గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చున్నాడు. సూది నరంలోకి పోయింది.

మందు సీసాలు ఎక్కడున్నాయని డాక్టరు నన్నడిగాడు. మిగిలినవన్నీ తెచ్చానన్నాను. ఆయన ఒకటి వాసన చూశాడు, వెలుతురుకు పెట్టి చూశాడు. "మందులో ఇంత విషముండదు. కానీ నేను చెప్తే ఎవరు వింటరు?" అన్నాడు, చుట్టూ ఉన్న జనాన్ని చూస్తూ. నిజమే. నాకే నమ్మకం కుదరలేదు. బ్యాచు మొత్తం చెడిపోయిందేమో, పక్క ఊళ్ళలో కూడా ఇదే జరుగుతోందేమో అని లోపల ఒకటే దడ.

అప్పుడు బయట కారాగింది. కాలనీలో ఉండే ఒకావిడ కొడుకుని ఎత్తుకొని లోపలికొచ్చింది. ఏడెనిమిదేళ్ళ బాబు. యూనిఫాం చొక్కా, మెడలో ఇంకా టై వేలాడుతోంది. వాంతి చేసుకొని చేసుకొని నీరసించిపోయాడు.

"డాక్టరు గారూ, సికింద్రాబాద్ తీసుకెళ్దామని బయల్దేరానండీ. దారిలో కళ్ళు తేలేశాడు, భయమేసి ఇక్కడ ఆపేశాను. కాస్త చూడండీ."

డాక్టరు బాబు కడుపు నొక్కి చూశాడు. "వీడు కూడా నట్టల మందు తాగిండా?"

"ఏ మందండీ?" అన్నది ఆవిడ. "మా వాడు ఊళ్ళో బడికి వెళ్ళడండీ. వీడి స్కూలు వేరు, ఇవాళ ఒంటిపూటే. ఏ మందూ తాగలేదు."

ఆ గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. గోడ దగ్గర కూర్చున్న డ్రైవర్ కూడా లేచి నిలబడ్డాడు. నాకైతే గుండె మీది నుంచి ఎవరో రుబ్బురోలు దించినట్టయింది. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. మందు కాకపోతే మరేమిటి?

డాక్టరు బాబు మీదికి వంగి మెల్లగా అడిగాడు. "ఏం తిన్నవు నాన్నా?" బాబు తల్లిని చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె బతిమాలింది. ఊహూఁ. కంచె దాటి బస్తీ పిల్లలతో ఆడొద్దని ఇంట్లో గట్టిగా చెప్పి ఉన్నారని తర్వాత తెలిసింది. చెబితే తంతారని వాడి భయం.

పక్కనే ఉన్న మంచం మీద నుంచి డ్రైవర్ కూతురు కళ్ళు తెరిచింది. ఆ పిల్ల గొంతు వినపడీ వినపడనట్టు ఉంది.

"గీ టై పిల్లగాడు మాతోనే తిన్నడు."

"ఏం తిన్నరు బిడ్డా?" అని డ్రైవర్ వంగి అడిగాడు.

"పల్లీలు. చెట్టుకు కాసినయి. మస్తు తియ్యగున్నయి బాపూ."

పల్లీలు చెట్టుకు కాయడమేమిటి? డాక్టరు నా వైపు చూశాడు. కాలనీ కంచె దగ్గరికి వెళ్ళి చూసి రమ్మన్నాడు. స్కూటర్ ఎట్లా తోలానో నాకు తెలియదు. కంచె కింద పిల్లలు దూరి దూరి అరిగిపోయిన సందు ఉంది. దాని చుట్టూ పగలగొట్టిన కాయల తొక్కలు, కొరికి పారేసిన నల్లటి గింజల పెంకులు. చెట్టుకు ఇంకా గుత్తులు గుత్తులుగా కాయలు వేలాడుతున్నాయి. ఒక కొమ్మ విరుచుకొని ఆస్పత్రికి తిరిగొచ్చాను.

డాక్టరు గింజను గోటితో చీల్చి చూశాడు. లోపల తెల్లటి పప్పు, నిజంగానే పల్లీ గింజలాగే ఉంది. "అడవి ఆముదం" అన్నాడు. "నాలుక్కు రుచి, కడుపుకు విషం. ఇగ భయం లేదు. నీళ్ళు పడుతుంటే చాలు, నిలబడతరు."

జనంలో ఒకడు అందుకున్నాడు. "ఆ కంచె ఎవడు పెట్టిండు మరి?"

ఆ మాట అడిగినవాడికీ జవాబు తెలుసు, విన్నవాళ్ళకూ తెలుసు. ఇంతసేపూ నర్సమ్మ మీద ఉన్న కోపం ఇప్పుడు ఎటు తిరుగుతుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. కాలనీ ఆవిడ ఊరుకుని ఉండొచ్చు. కొడుకుని ఎత్తుకొని కారెక్కి సికింద్రాబాద్ వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

"మేమే పెట్టించామండీ" అన్నది. "మా వారే కాలనీ సెక్రటరీ. మేకలు ముట్టని చెట్టని నర్సరీవాళ్ళు చెబితే తెప్పించారు. గింజల సంగతి మాకు తెలీదు. తెలిసుంటే మా పిల్లాడు తిరిగేచోట వేయిస్తామా?" అంటూ ఏడ్చేసింది.

డ్రైవర్ ఆమెను చూశాడు. ఆమె ఒళ్ళో వాంతి మరకలతో ఉన్న బాబును చూశాడు. ఏమంటాడోనని నేను మధ్యలోకి పోబోయాను. అతను తన కూతుర్ని మంచం మీద కాస్త జరిపి చోటు చేసి, "ఈడ పండబెట్టమ్మా పిల్లగాన్ని. ఎంతసేపని ఎత్తుకుంటవు?" అన్నాడు. అంతే.

పొద్దు గూకే వేళకు వాంతులు తగ్గాయి. ఒకరి తర్వాత ఒకరు కళ్ళు తెరిచి చూడసాగారు. అందరికంటే ఆలస్యంగా డ్రైవర్ కూతురు లేచి కూర్చుంది. "అవ్వా, ఆకలైతాంది" అని వాళ్ళ నాయినమ్మను అడిగింది. ఆ ముసలామె నర్సమ్మ రెండు చేతులూ పట్టుకొని కళ్ళకద్దుకుంది. డాక్టరు వరండాలోకి వెళ్ళి బీడీ ముట్టించాడు. ఆస్పత్రి ఆవరణలో అది తప్పని నాకు తెలుసు. నేనూ ఒకటి అడిగి తీసుకున్నాను. నాకు అలవాటు లేదు, దగ్గు వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

పిల్లలందరూ క్షేమంగా ఇళ్ళకు చేరారు. కథ ఇక్కడితో అయిపోయిందని మీరనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను.

పుకారుకు మాత్రం సెలైన్ ఎక్కించి లాభం లేదు. "డాక్టరూ నర్సూ ఒక్కటే, గింజల ముచ్చట పుట్టిచ్చి తప్పిచ్చుకున్నరు" అన్నారు కొందరు. చుట్టుపక్కల ఊళ్ళలో నట్టల మందే కాదు, పోలియో చుక్కలు కూడా వద్దన్నారు. గొడవ సద్దుమణగాలంటే నర్సమ్మను వేరే ఊరికి మార్చడమే మంచిదని పై అధికారులు ఆలోచిస్తున్నట్టు తెలిసింది. మండల సమావేశంలో ఆ మాట రాగానే మా సర్పంచమ్మ లేచింది. సభలో మాట్లాడటం ఆమెకు అదే మొదటిసారి అనుకుంటా, కుర్చీ వీపు గట్టిగా పట్టుకొని నిలబడింది.

"ఆమెను మారిస్తే మందుల విషం ఉండెనని మనమే చాటింపు ఏసినట్టు సారూ. రేపు ఏ తల్లి తన పిల్లకు సూది ఏపిస్తది? ఆమె మా ఊర్లనే ఉంటది. ఉండాలె."

పక్కన డాక్టరు కూడా లేచి, "నేను రాసిచ్చిన రిపోర్టు నిజమైతే ఆమెకు శిక్ష ఎందుకు?" అన్నాడు. బదిలీ ఆగింది.

కంచె సంగతి కొంచెం సాగింది. కాలనీ సెక్రటరీ గారు ముందు గోడ కట్టాకే చెట్లు తీస్తామన్నారు. గోడకు అందరి ఒప్పుదల కావాలన్నారు. భార్య ఆయనతో ఇంట్లో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. ఆదివారం పొద్దున్నే ఆయన లుంగీ కట్టుకొని, చేతికి గుడ్డ చుట్టుకొని, గొడ్డలి పట్టుకొని కంచె దగ్గర నిలబడ్డాడు. ఆ పని ఎప్పుడూ చేసినవాడు కాదు, ఒక్క చెట్టుకే చెమటలు పట్టాయి. బస్తీలోంచి మనుషులు వచ్చి కాసేపు వినోదం చూశారు. ఆ తర్వాత ఆయన చేతిలోంచి గొడ్డలి తీసుకున్నారు.

మళ్ళీ పిల్లల దినం వచ్చింది. నర్సమ్మ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి టీకాలు, చుక్కల మందు సర్దుకుంది. పోయినసారి విరేచనాల వల్ల పనిచేయకుండా పోయిన నట్టల మందు కూడా మళ్ళీ పొయ్యాలని డాక్టరు చెప్పి పంపాడు. పొద్దున్నుంచి గది ఖాళీ. సర్పంచమ్మ తన మనవడిని ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. వాడొక్కడే పిల్లవాడు. కాలనీ ఆవిడ బాబును తీసుకొని రావడం వచ్చింది గానీ, ఆమె కూడా గడప దగ్గర ఆగి, లోపల ఎవరూ లేకపోవడం చూసి బెంచీ మీద ఒక చివర కూర్చుంది. నర్సమ్మ సర్దినవే మళ్ళీ సర్దుతోంది. నాకు ఆమె మొహంలోకి చూసే ధైర్యం లేక, తెరవని ఫైలు ముందర పెట్టుకొని కూర్చున్నాను.

ఎండ గడప దాటి లోపలికి వచ్చాక గుమ్మంలో నీడ పడింది. దాణా బండి డ్రైవర్. కూతురు అతని వేలు పట్టుకొని ఉంది. వాళ్ళ వెనక, కాస్త దూరంగా వేపచెట్టు కింద, బస్తీ ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకొని నిలబడి చూస్తున్నారు. ఇతను ఏం చేస్తాడో చూసి తామూ అదే చేద్దామని వచ్చినట్టున్నారు.

అతను లోపలికి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"సిస్టరూ, గా దినం నా బిడ్డకు సూది వెట్టేటప్పుడు నీ చెయ్యి వణికింది. నేను జూసిన."

నర్సమ్మ తలెత్తింది. "నువ్వు మీదమీదికొస్తుంటె వణుకదా అన్నా?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇయ్యాల వణుకదు గద?"

"వణుకదు."

"అయితే పొయ్యి" అని కూతుర్ని ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టాడు.

చెట్టు కింద నుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే కదిలారు.